మా అత్తగారి చర్చిలో బాప్తిస్మం: క్లాసులు బాగున్నాయి, తువ్వాలు మాత్రం మీరే తెచ్చుకోండి

బిర్యానీకి, మొబైల్ షాపుకి రివ్యూలు రాస్తాం, చర్చికి రాయకూడదా అని మా ఆయన్ని అడిగితే "రాయి, పేరు మాత్రం పెట్టకు, ఆదివారం మళ్ళీ అక్కడికే వెళ్ళాలి" అన్నాడు. అందుకని పేరు లేదు. ఒంగోలు పక్కన ఒక బాప్టిస్టు చర్చి అనుకోండి, చాలు.

ముందు నా సంగతి. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. నాకు మూడో నెలలోనే పాస్టరు అయ్యగారు తల మీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇచ్చేశారు, పద్నాలుగో ఏట కన్ఫర్మేషన్, అంటే ఆ విశ్వాసాన్ని నా నోటితో ఒప్పుకోవడం, కూడా అయింది. పెళ్ళయి ఇక్కడికొచ్చాక తెలిసింది, వీళ్ళ లెక్కలో అది బాప్తిస్మం కిందకే రాదని. ఊహ తెలిశాక నమ్మి, పదిమంది ముందు నోటితో ఒప్పుకుని, నిండా మునిగితేనే లెక్క. అంతవరకు రిజిస్టర్లో పేరుండదు, ప్రభువు బల్ల రోజున, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజున, రొట్టె ప్లేటు నా దాకా వస్తే తీసుకోకుండా పక్కావిడకి అందించాలి. రెండేళ్ళు అందించాను. అందించిన ప్రతిసారీ ఆవిడ చూసే చూపు ఒకటుంది, దాన్ని తట్టుకోలేకే క్లాసుల్లో చేరాను. భక్తితో చేరానని రాస్తే అబద్ధమవుతుంది.

నాన్నకి ఫోన్ చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఒకసారి అయింది కదమ్మా, అప్పుడిచ్చింది దేవుడు కాదా మరి?" అన్నారు. ఇదే మాట క్లాసులో అడిగితే మాస్టారు "మేం రెండోసారి ఇవ్వడం లేదమ్మా, మా దృష్టిలో నీకిదే మొదటిది" అన్నారు. జవాబు తెలివైనదే గానీ, నాన్న ముందు ఆ మాట అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

క్లాసులు ఎనిమిది శనివారాలు, సాయంత్రం ఆరింటికి. చెప్పేది రిటైరైన స్కూలు మాస్టారు, సంఘ పెద్ద. మొదటి రోజే ఒక కుర్రాడు లేచి, బైబిల్లో ఐతియొపీయుడికి దారిలో నీళ్ళు కనపడగానే రథం ఆపించి ఫిలిప్పు బాప్తిస్మం ఇచ్చేశాడు కదా, మాకెందుకు సార్ రెండు నెలలు అన్నాడు. "ఆయన యెషయా గ్రంథం చదువుకుంటూ వస్తున్నాడు నాయనా, నువ్వు ఫోన్ చూసుకుంటూ వచ్చావు" అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాటతో నాకు క్లాసు మీద గురి కుదిరింది.

అన్నిట్లోకీ నాలుగో క్లాసు బాగుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని, కూలి ఇచ్చాడట. ఆ రోజుల్లో జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడినా ఇవ్వలేదు, కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగాకే మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది మునిగారు. బోధకులు ఆరుగురు, ఒకసారికి ఇద్దరు నీళ్ళలో నిలబడి ఇస్తుంటే, వాళ్ళు అలిసిపోయాక ఇంకో ఇద్దరు దిగేవాళ్ళట. మునిగినవాళ్ళలో చాలామంది మాదిగలు, ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని వాళ్ళు. అది చెబుతూ మాస్టారు "మావాళ్ళూ ఆ నీళ్ళలోంచే వచ్చారు" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో, బాప్తిస్మమంటే క్రీస్తుతో చావడం, పాతిపెట్టబడటం, లేవడం అని ఉంటుంది కదా, చిన్నప్పటి నుంచీ వింటున్నా నాకు ఎక్కనిది ఆ సాయంత్రం కాస్త ఎక్కింది.

అలాంటి మాస్టారే ఆరో వారం నన్ను నిరాశపరిచారు. ఒకబ్బాయి, డిగ్రీ చదువుతున్నాడు, రిజిస్టర్లో పేరెక్కితే నా ఎస్సీ సర్టిఫికెట్ సంగతేంటి సార్ అని అడిగాడు. మాస్టారు "అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం" అని ప్రార్థనకి తలలు వంచమన్నారు. ఆ తర్వాత అనేది రానే లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుల్ని ఎస్సీలుగా లెక్కపెట్టరు, మన దగ్గర ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వెళతారు, ఈ విషయం తెలియని ఇల్లు మా వైపు లేదు. బాప్తిస్మం అంటే అందరి ముందు ఒప్పుకోవడమని ఎనిమిది వారాలు చెబుతూ, ఒప్పుకుంటే ఏం పోతుందో చెప్పకపోతే ఎలా? కానుకల గురించి మాత్రం రెండు వారాలు చెప్పారు. ఆ అబ్బాయి ఏడో వారం నుంచి రాలేదు.

ఇక ఆ రోజు. వేదిక మీద తివాచీ చుట్టి చెక్క పలకలు ఎత్తితే కింద తొట్టి ఉంది, రాత్రే ట్యాంకరు తెప్పించి నింపారు. మేం పదకొండు మందిమి, నాది ఆరో నంబరు. పాస్టర్ గారు నడుము లోతు నీళ్ళలో నిలబడి, ఒక చెయ్యి నా మెడ వెనక పెట్టి, రెండో చేత్తో నా చేతుల్ని జేబురుమాలుతో సహా ముక్కు మీదకి తెచ్చి వెనక్కి వాల్చారు. చెవుల్లోకి నీళ్ళు వెళ్ళి పాట ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టు వినిపించింది. పైకి లేచేసరికి రెండో చరణం మొదలైంది. మునిగింది రెండు సెకన్లే, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది.

మెట్లెక్కి వస్తే గదిలో తువ్వాళ్ళు రెండే, రెండూ నాకంటే ముందు ఐదుగురు తుడుచుకున్నవి. అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది, ముందు వరసలో కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని ఫేస్‌బుక్ లైవ్ పెట్టడం. తెల్ల బట్టలు తడిస్తే ఎలా ఉంటుందో పాస్టరమ్మకి తెలియదా? మెట్ల దగ్గర దుప్పటి పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు నిలబడితే సరిపోయేది. చెప్పాను, "పిల్లలు సంతోషంతో తీశారులే అమ్మా" అన్నారు. నాకు కోపం ఇంకా పోలేదు.

తర్వాత ప్రభువు బల్లకి ముందు కుడిచేతి సహవాసం ఇచ్చారు. ఇది మా లూథరన్ చర్చిలో నేను చూడలేదు. మమ్మల్ని వరసగా నిలబెట్టి సంఘమంతా వచ్చి ఒక్కొక్కరికీ చెయ్యి ఇచ్చి వెళ్ళారు. పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళే ఆడవాళ్ళ గరుకు చేతులు, బ్యాంకు మేనేజరు గారి మెత్తటి చెయ్యి, ఐస్‌క్రీం తిన్న చిన్నపిల్లల జిగురు చేతులు. ఆ చూపు చూసే పక్కావిడ కూడా వచ్చింది, చెయ్యి ఇచ్చి గట్టిగా నొక్కింది. నా మటుకు నాకు బాప్తిస్మం నీళ్ళలో సగమే అయింది, మిగతా సగం ఈ లైన్లో అయింది.

ఎందుకంటే పదిహేను రోజులకి మా అత్తయ్యకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయితే ఆ లైన్లోని ముగ్గురు క్యారేజీలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. రెండేళ్ళలో నా పేరైనా అడగని వాళ్ళు. ఇప్పుడు ఒక్క ఆదివారం మానేస్తే సోమవారం ఫోనొస్తుంది, పిల్లలెప్పుడు అని కూడా అడుగుతారు. అదీ ప్యాకేజీలో భాగమే, ముందే తెలుసుకుని వెళ్ళండి.

బాప్తిస్మం సర్టిఫికెట్‌కి రెండు నెలలు పట్టింది, ఇంటిపేరు తప్పు పడింది, దిద్దించడానికి ఇంకో నెల. ఐదుకి మూడున్నర ఇస్తున్నాను, ఆ అర మాస్టారు నాలుగో క్లాసుకి. చేరేవాళ్ళు మందపాటి ముదురు రంగు లోపలి బట్టలు, రెండు తువ్వాళ్ళు తీసుకెళ్ళండి. భోజనం బాగుంది, పప్పుచారు మరీ బాగుంది.

బాప్తిస్మం రోజున నాన్న వస్తారనుకోలేదు, పొద్దున రైలుకి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. సాయంత్రం స్టేషన్‌లో దింపుతుంటే "నీళ్ళు బాగానే వాడుతున్నారమ్మా వీళ్ళు" అన్నారు.