బుక్ క్లబ్‌కి వలస కథ: షాన్ టాన్ ‘ది అరైవల్’

వలస మీద పుస్తకం ఎంచుకోబోతే విదేశాల్లోని తెలుగు బుక్ క్లబ్బులకు ఎదురయ్యే మొదటి చిక్కు భాష. పెద్దలకు ఇంగ్లిష్ నవల బరువు, అక్కడ పెరిగిన పిల్లలకు తెలుగు నవల బరువు. ఆస్ట్రేలియా చిత్రకారుడు షాన్ టాన్ 2006లో తెచ్చిన ‘ది అరైవల్’లో కథ చెప్పే వాక్యం ఒక్కటీ ఉండదు. ఆరు అధ్యాయాలూ పెన్సిల్ బొమ్మలే. భార్యనీ కూతుర్నీ వదిలి ఓడెక్కిన మనిషి కథ. దిగిన ఊళ్లో బోర్డుల మీది లిపి కూడా కల్పితమే కాబట్టి, అతనిలాగే మనకీ ఏదీ అంతుపట్టదు. పుస్తకం గొప్పతనమంతా అక్కడే ఉంది.

20 నిమిషాల్లో పేజీలు తిప్పేసి ‘చదివేశాం’ అనుకోవడమే దీనితో వచ్చే ఇబ్బంది. అందుకే ఇద్దరికొక కాపీ ఇచ్చి, జట్టుకొక అధ్యాయం అప్పగించి, పావుగంట చూశాక జరిగింది తమ మాటల్లో చెప్పించండి. కోటుకు చీటీలు గుచ్చే తనిఖీ ఘట్టం దగ్గర తొందరపడొద్దు. వీసా అనుభవాలు బయటికొచ్చేది అక్కడే. ఫోన్లో చూస్తే చిన్న గడుల్లోని వివరాలు పోతాయి, అచ్చు ప్రతే కావాలి. చట్టాల మీద చర్చ కోరుకునే క్లబ్బుకు మాత్రం ఇదొక్కటే చాలదు, పక్కన ఒక మంచి వ్యాసం పెట్టుకోవాలి.