ఇప్పుడే ఖర్చు పెట్టడమా, మెల్లగా చూసుకోవడమా: వాతావరణ మార్పు విషయంలో ఏది మేలు?

వాతావరణ మార్పు మాట ఎత్తగానే "అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?" అంటారు. సరైన ప్రశ్నే. కానీ ఏమీ చేయకుండా కూర్చుంటే ఎంత నష్టపోతామో కూడా లెక్క వేయాలి కదా.

ఆ లెక్క వేసినవాళ్లలో ముఖ్యుడు ఆర్థికవేత్త నికోలస్ స్టెర్న్. 2006లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఆయన చెప్పింది ఇదీ: ఇప్పుడే కదిలితే ఏటా ప్రపంచ జీడీపీలో 1 శాతం ఖర్చవుతుంది, కదలకపోతే 5 నుంచి 20 శాతం దాకా నష్టం. (2008లో ఆ ఖర్చు అంచనాను ఆయనే 2 శాతానికి పెంచారు.) మరోవైపు 2018లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్. కార్బన్ పన్నును (బొగ్గు, పెట్రోలు లాంటివి కాల్చి వదిలే కార్బన్ మీద వేసే పన్ను) తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదాం, రాబోయే తరాలు మనకంటే డబ్బున్నవాళ్లు అవుతారు, టెక్నాలజీ కూడా చవకవుతుంది అంటారాయన. ఏమీ చేయొద్దని ఆయన ఎప్పుడూ అనలేదు, ఆయన పేరు చెప్పి చేతులు కట్టుకు కూర్చునేవాళ్లు ఇది గమనించాలి.

ఇద్దరి మధ్య తేడా ఎక్కువగా ఒక్క అంకెలో ఉంది, డిస్కౌంట్ రేటు, అంటే భవిష్యత్తులో వచ్చే నష్టాన్ని ఈరోజు విలువలో చెప్పడానికి ఏడాదికింత అని తగ్గించే శాతం. వందేళ్ల తర్వాత జరిగే 100 డాలర్ల నష్టానికి, స్టెర్న్ వాడిన 1.4 శాతం చొప్పున లెక్కిస్తే ఈరోజు విలువ దాదాపు 25 డాలర్లు. అదే 5 శాతం వేస్తే ఒక్క డాలరు కూడా రాదు! నష్టం అదే, వరద అదే, ఇల్లు పోగొట్టుకునే మనిషీ అదే, కానీ కాగితం మీద మాత్రం దాదాపు మాయమైపోయింది.

పేద దేశాలకు ఈరోజు బడి, ఆసుపత్రి ముఖ్యం కాబట్టి తొందరపడొద్దనే వాదనలో బలముంది, కాదనను. అయినా నా ఓటు ఇప్పుడే కదలడానికే. ఈరోజు కట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రం దాదాపు 40 ఏళ్లు నడుస్తుంది, అది వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం శతాబ్దాల పాటు గాలిలోనే ఉంటుంది. ఇక టెక్నాలజీ చవకయ్యేదాకా ఆగుదామంటే, అది ఆగితే చవకవదు, కొంటేనే అవుతుంది. సోలార్ కరెంటు బాగా ఖరీదుగా ఉన్నప్పుడే, 2000లో, జర్మనీ చట్టం చేసి మరీ ఎక్కువ ధరకు కొనడం మొదలుపెట్టింది, దాంతో గిరాకీ పెరిగింది, చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి, 2010 తర్వాత పదేళ్లలో ప్యానెళ్ల ధర సుమారు 90 శాతం పడిపోయింది. అప్పుడు అందరూ ఆగి ఉంటే?

వాతావరణ మార్పును ఆపడం మానేసి, సముద్రానికి అడ్డంగా గోడలు కట్టుకుని సర్దుకుపోదామనే మూడో దారీ ఉంది. సర్దుబాటు ఎలాగూ తప్పదు. కానీ గోడ లేచేది డబ్బున్న తీరంలోనే.

అసలు గొడవంతా భారం ఎవరి మీద పడుతుందన్న దగ్గరే. స్వీడన్ 1991లోనే కార్బన్ పన్ను వేసింది, ఆ తర్వాత కూడా దాని ఆర్థిక వ్యవస్థ పెరుగుతూనే వచ్చింది. ఫ్రాన్స్‌లో మాత్రం 2018లో సంపన్నుల పన్ను తగ్గించిన ఏడాదే ఇంధన పన్ను పెంచబోయారు, జనం పసుపు జాకెట్లు వేసుకుని రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. స్విట్జర్లాండ్ పద్ధతి నాకు నచ్చుతుంది: కార్బన్ రుసుములో సుమారు మూడింట రెండొంతులు ప్రజలకూ సంస్థలకూ తిరిగిచ్చేస్తారు, ప్రజల వాటా తలకింత అని సమానంగా. తక్కువ ఇంధనం కాల్చే ఇంటికి అది లాభమే. కాకపోతే ఆ డబ్బు ఆరోగ్య బీమా బిల్లులో తగ్గింపుగా వస్తుంది కాబట్టి కంటికి ఆనదు. అలా కాకుండా, పన్ను పెరిగిన నెలలోనే నేరుగా ఖాతాలో పడాలి.