కడపలో ఉగాది, రంజాన్ పక్కపక్కనే: మూడు ఫిక్స్‌డ్ రేటు భోజనాలు, మధ్యలో ఒక కారం దోశ

2025లో ఉగాది మార్చి 30, ఆదివారం వచ్చింది. మర్నాడు సోమవారమే రంజాన్. రెండు పండగలూ పక్కపక్కన పడేసరికి కడపలో హోటళ్లవాళ్లు వారం ముందే బ్యానర్లు కట్టేశారు. ఒకచోట ఉగాది భోజనం మనిషికి 499, ఇంకోచోట ఇఫ్తార్ ప్లేటు 249. కర్నూలు నుంచి బదిలీ మీద కడపకు వెళ్లిన నా స్నేహితుడు ఆ బ్యానర్ల ఫోటోలు పంపించి, "అన్నా, అమ్మను, వదినను పిల్చుకోని రా. మూడు రోజులు ఉండి పోదురు" అన్నాడు. అమ్మకు దేవుని కడప గుడి చూడాలని ఎప్పటినుంచో కోరిక. అందుకే శనివారం పొద్దున్నే బస్సెక్కాం.

పెద్ద నగరాల్లో ఇలాంటి సీజన్ ఆఫర్లు పాతవే. న్యూయార్క్‌లో 1992లో రెస్టారెంట్ వీక్ మొదలుపెట్టినప్పుడు పేరున్న హోటళ్లు కూడా మధ్యాహ్న భోజనం 19 డాలర్ల 92 సెంట్లకే పెట్టాయి. ఆ సంవత్సరం అంకెనే ధరగా పెట్టుకున్నారు. మన ఊళ్లలో ఆ పేరేమీ లేదు, పండగే సీజను. అయినా ఒకే ధరకు ఆకు నిండా పెట్టడం మనకు కొత్తేం కాదు, ఫుల్ మీల్స్ అంటే అదే కదా. నేను ఏ హోటల్‌కు వెళ్లినా మొదటి వడ్డన చూసి మార్కులు వేయను. మొదటిసారి అందరూ బాగానే పెడతారు. ధర ముందే ఖాయమైపోయాక మారు అడిగితే ఎలా వడ్డిస్తారో చూస్తాను. ఈ మూడు రోజులూ అదే చూశాను.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా అయిదు గంటల ప్రయాణం. ఆర్టీసీ బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో లాడ్జి తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు పొద్దున ఎనిమిది దాకే. నిద్రపోవడానికి తప్ప గదిలో ఉండం కాబట్టి మాకు సరిపోయింది.

శనివారం సాయంత్రం: ఇఫ్తార్ ప్లేటు, 249

ఏడురోడ్ల కూడలి నుంచి ఒక సందులోకి వెళితే ఉన్న హోటల్ ఇది. స్నేహితుడు రోజాలో, అంటే రంజాన్ ఉపవాసంలో ఉన్నాడు. ఆరింటికల్లా వెళ్లి కూర్చోకపోతే చోటు దొరకదని ముందే చెప్పాడు, నిజమే. మేము వెళ్లేసరికి సగం బల్లలు నిండాయి. ప్లేట్లు ముందే పెట్టేశారు. మూడు ఖర్జూరాలు, కర్బూజా ముక్కలు, పుచ్చకాయ ముక్కలు, ఒక సమోసా, గిన్నెలో గంజి, ఇంకో గిన్నెలో హలీం, గ్లాసులో గులాబీ రంగు షర్బత్. ఎదురుగా అంత తిండి పెట్టుకుని, పగలంతా మంచినీళ్లు కూడా ముట్టని మనుషులు నూరు మంది దాకా కదలకుండా కూర్చున్నారు. మాకు ఉపవాసం లేకపోయినా ఆ హాలులో ఖర్జూరం మీద చెయ్యి వేయబుద్ధి కాలేదు. ఆరున్నర కాకముందే అజాన్ వినిపించింది. అందరూ ఒక్కసారే ఖర్జూరం అందుకున్నారు. ఆ తర్వాత కాసేపు హాలులో ఒక్క మాట లేదు.

అమ్మ, మా ఆవిడ శనివారం మాంసం ముట్టరు. ఆ సంగతి మేము చెప్పేలోపే, అమ్మ గంజి గిన్నె దగ్గరికి లాక్కోవడం చూసి వడ్డించే అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "అవ్వా, గంజిలో కైమా ఉంటాది. నువ్వు తింటావా?" అని అడిగాడు. శనివారమని చెప్పగానే ఇద్దరి ప్లేట్లలోంచి గంజి, హలీం, సమోసా తీసేసి రెండేసి అరటిపండ్లు, ఇంకాసిని పండ్ల ముక్కలు తెచ్చిపెట్టాడు. బిల్లులో ఆ రెండు ప్లేట్లకు వందేసి రూపాయలే రాశారు. మేము తగ్గించమని అడగలేదు.

హలీం గురించి చెప్పాలి. గోధుమలు, మాంసం, పప్పులు గంటల తరబడి ఉడికించి, కట్టెతో మెదిపి మెదిపి చేస్తారు. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి అందరూ దాంతోనే పోలుస్తారు. నేను ఇక్కడ తిన్నదాంట్లో నెయ్యి తక్కువ, మిరియం ఘాటు ఎక్కువ. మాంసం పీచుపీచుగా నోటికి తగులుతోంది, మరీ పేస్టులా లేదు. నాకు ఇదే నచ్చింది. గంజి ఎన్నిసార్లయినా పోస్తారు, హలీం ఒక్కసారే. ఆ మాట డబ్బు తీసుకునేటప్పుడే చెప్పారు, గోడమీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పెట్టారు. నేను గంజి మూడుసార్లు పోయించుకున్నాను, మూడోసారి కూడా గిన్నె నిండా పోశారు.

ఇబ్బంది ఒక్కటే, చేతులు కడుక్కునేందుకు రెండే కుళాయిలు. పదిహేను నిమిషాల్లో జనం మగ్రిబ్ (సూర్యాస్తమయం) నమాజుకు వెళ్లిపోయి హాలు ఖాళీ అయ్యాక గానీ మాకు కుళాయి అందలేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే గోడ పక్క బల్ల అడగండి, మధ్యలో నడవడానికి దారి ఉండదు.

ఆదివారం పొద్దున: దేవుని కడప, తర్వాత దోశ

తిరుమలకు తొలి గడప అంటారు ఈ గుడిని. ఇక్కడి వేంకటేశ్వరస్వామి, కడపరాయని మీద అన్నమాచార్యులు కీర్తనలు పాడాడు. ఉగాది రోజున ఇక్కడికి ముస్లింలు దర్శనానికి వస్తారని విన్నాను గానీ, చూడటం ఇదే మొదటిసారి. స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, వేంకటేశ్వరస్వామి తమ అల్లుడు, అందుకని పండగపూట కొబ్బరికాయ, కర్పూరం తీసుకుని చూడటానికి వస్తారు. మేము అయిదున్నరకు వెళ్లేసరికే బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు, పిల్లలను చంకనేసుకున్న తండ్రులు వరుసలో ఉన్నారు. మా ముందున్న పెద్దామె అమ్మతో మాట కలిపింది. ఆ రోజు ఇరవై తొమ్మిదో రోజా అట. తీర్థప్రసాదాలు అప్పటికప్పుడు తీసుకోవడానికి లేదు కదా, ప్రసాదం జాగ్రత్తగా కొంగున ముడేసుకుంది. సాయంత్రం రోజా విడిచాక ఇంట్లో అందరికీ పెడతానంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ధ్వజస్తంభం దాకా నడిచింది. ఈ ప్రయాణానికి పెట్టిన ఖర్చంతా నాకు అక్కడే తీరిపోయింది.

తిరిగి వస్తూ ఒక బండి దగ్గర కారం దోశ తిన్నాం. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, అంచుల వెంట నెయ్యి వేసి కాల్చాడు. 40 రూపాయలు. ఆఫర్ లేదు, బ్యానర్ లేదు, బల్లలూ లేవు. కడప వచ్చి ఇది తినకుండా పోవద్దు, అంతే.

ఆదివారం మధ్యాహ్నం: ఉగాది భోజనం, 499

పెద్ద ఏసీ హోటల్ ఇది, పేరు రాయను. ముందురోజే ఫోన్ చేసి పన్నెండున్నరకు మూడు సీట్లు చెప్పుకున్నాం. లోపల కూర్చోబెట్టేసరికి ఒంటిగంటా పది. బయట కుర్చీలు నాలుగే ఉన్నాయి, అమ్మ కాసేపు మెట్ల మీద కూర్చుంది. మా తర్వాత రెండింటికి ఇంకో బ్యాచ్ ఉందని, ముందే చెబుతున్నామని మేనేజరు అన్నాడు. అంటే మాకు మిగిలింది యాభై నిమిషాలు.

వంట బాగుంది, కాదనను. ఉగాది పచ్చడిలో అప్పుడే కోసిన వేపపూత చేదు చక్కగా తెలుస్తోంది, మామిడికాయ ముక్క కరకరలాడుతోంది. మామిడికాయ పులిహోర, గారెలు, గుత్తివంకాయ కూర మూడూ మా ఆవిడ మెచ్చుకుంది, ఆమె ఊరికే మెచ్చుకోదు. ఓళిగ (బొబ్బట్టు) అయితే పల్చగా, పూర్ణం అంచు దాకా ఉండి, పైన నెయ్యితో వెన్నలా కరిగిపోయింది. అమ్మ సంతోషపడి ఇంకోటి అడిగింది. "ఒక్కటేనమ్మా, ఎక్స్‌ట్రా అయితే నలభై" అన్నాడు వడ్డించే అతను. గుమ్మం దగ్గర బ్యానర్ మీద 'అన్‌లిమిటెడ్' అని ఉందే అంటే, అది అన్నానికి, పప్పుకు, సాంబారుకు మాత్రమేనట. వంకాయ కూర మారు అడిగితే వస్తానని వెళ్లినవాడు రాలేదు. రెండుసార్లు పిలిచాక వచ్చాడు, గరిటెడు రసం లాంటిది పోశాడు, అందులో కాయ లేదు. అమ్మ ఆ తర్వాత ఏమీ అడగలేదు. పండగ పూట ఆవిడ అడగడం మానేసినందుకు నాకు చాలా బాధ కలిగింది.

బిల్లు 1,729 వచ్చింది. మూడు భోజనాలు 1,497. దాని మీద పది శాతం సర్వీస్ చార్జీ 149 రూపాయల 70 పైసలు, మళ్లీ రెండూ కలిపిన మొత్తం మీద 5 శాతం జీఎస్టీ. జీఎస్టీ ప్రభుత్వానిది, కట్టాల్సిందే. సర్వీస్ చార్జీ అలా కాదు. బిల్లులో దాన్ని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4నే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని సమర్థిస్తూ ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది సరిగ్గా ఆ శుక్రవారమే, మార్చి 28న. శనివారం బస్సులో ఆ వార్త చదివాను కాబట్టి గుర్తుంది. పేపర్ సంచిలోనే ఉంది. కౌంటర్ దగ్గర గొంతు పెంచకుండా అదే చూపించి, తీసేయమని అడిగాను. కాసేపు సిస్టంలో తీయడం కుదరదన్నారు. అయితే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తానంటే కుదిరింది. కొత్త బిల్లు 1,572. మీరు కూడా అడగండి. వడ్డించినవాళ్లకు ఇవ్వాలనుకుంటే వాళ్ల చేతికే ఇవ్వండి. నేను ఆ అబ్బాయికి యాభై ఇచ్చి వచ్చాను, తప్పు అతనిది కాదు. పన్నెండు బల్లలకు ఇద్దరే వడ్డిస్తున్నారు.

ఇలాంటి చోటికి వెళ్లేముందు ఫోన్‌లోనే మూడు సంగతులు కనుక్కోండి. ధరలో టాక్స్ కలిసిందా, వేటికి మారు ఉంది, ఎంతసేపు కూర్చోవచ్చు. నేను సీటు గురించి మాత్రమే అడిగి మిగతావి వదిలేశాను.

ఆ సాయంత్రం నెలవంక కనిపించింది. రాత్రి పదకొండైనా వీధుల్లో గాజుల కొట్లు, సేమియా కొట్లు కిటకిటలాడుతూనే ఉన్నాయి.

సోమవారం: షీర్ ఖుర్మా, సంగటి

ఈద్గా నమాజు అయ్యాక స్నేహితుడి ఇంటికి వెళ్లాం. వాళ్లమ్మ షీర్ ఖుర్మా గిన్నె ఖాళీ కానివ్వలేదు. సన్నటి సేమియా, చిక్కటి పాలు, ఖర్జూరం తరుగు, వేయించిన బాదం పప్పు. ఇంట్లో పెట్టినదానికి మార్కులు వేయకూడదు, వేయను.

పండగ వల్ల మధ్యాహ్నం చాలా హోటళ్లు మూసే ఉన్నాయి. తెరిచి ఉన్న ఒక చిన్న సంగటి మెస్సుకు స్నేహితుడే తీసుకెళ్లాడు. కింద కడప బండలు, పైన రెండు ఫ్యాన్లు. పలకమీద సుద్దముక్కతో రాశారు: రెండు సంగటి ముద్దలు, నాటుకోడి పులుసు, ఊరుబిండి (వేరుశనగ పచ్చడి), అన్నం, మజ్జిగ, 220. టాక్స్ లేదు, ఇంకేమీ లేదు. మాకు సోమవారం అడ్డం లేదు కాబట్టి అమ్మ కూడా తినింది.

రాగి సంగటి వేడిగా, ఉండకట్టకుండా, వేలికి అంటకుండా ఉంది. మధ్యలో గుంత చేసి నెయ్యి వేశారు. పులుసు పల్చనిదే గానీ ధనియాలు, ఎండుకొబ్బరి నూరిన వాసన ముద్ద ముద్దకూ తెలుస్తోంది. ఊరుబిండి రోట్లో నూరిందే, చెనిక్కాయలు పంటికింద పడుతున్నాయి. పొయ్యి దగ్గరి నుంచి ఆ ఇంటామె మా విస్తర్ల వైపు చూస్తూనే ఉంది. అమ్మ ముద్ద సగం కాకముందే గిన్నె పట్టుకుని వచ్చి, "ఇంగొంచెం పులుసు పోస్తాలే అక్కా, పొడి పొడిగా ఎట్ల తింటావ్" అంటూ పోసింది. అందులో ముక్క కూడా ఉంది. మూడోసారి అమ్మే చెయ్యి అడ్డం పెట్టింది.

లోపాలూ చెబుతాను. పక్కవాళ్ల మోచెయ్యి తగిలేంత ఇరుకు, బాత్రూం లేదు, ఉక్కపోత విపరీతం. ఏప్రిల్, మే నెలల్లో చిన్నపిల్లలతో మధ్యాహ్నం వెళ్లమని చెప్పలేను. పార్సిల్ కట్టిస్తారు, కానీ సంగటి చల్లారితే ఆ రుచి ఉండదు.

లేచేటప్పుడు ఊరుబిండి ఎలా చేస్తారని అమ్మ అడిగింది. ఆమె చెప్పడమే కాకుండా చిన్న పొట్లం కట్టి ఇచ్చింది, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. బస్సు మైదుకూరు దాటాక అమ్మ ఆ పొట్లం తీసి వాసన చూసి మళ్లీ సంచిలో పెట్టింది. నంద్యాల దగ్గర స్నేహితుడు ఫోన్ చేశాడు. వచ్చే ఏడాది, 2026లో, ఉగాది మార్చి 19న, రంజాన్ కూడా దాని దగ్గర్లోనే వస్తుంది, మళ్లీ రమ్మన్నాడు. ఇఫ్తార్‌కు ఆ సందులో హోటలే చూడమన్నాను, ఈసారి గోడ పక్క బల్ల. మెస్సుకు చెప్పి పెట్టాల్సిన పని లేదు. ఉగాది భోజనం మాత్రం లాడ్జి వదిలేసి వాళ్లింట్లోనే చేస్తామని, ఓళిగలు తను చేస్తానని పక్కనుంచి అమ్మ ఫోన్‌లో గట్టిగా చెప్పింది.