గోడ క్యాలెండర్ మీద తీర్మానాలు: ఏళ్ల తరబడి వాడిన మీదట సమీక్ష

పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండరే తీర్మానాలకూ సరైన చోటు. ఫోన్ యాప్‌లు కూడా వాడి చూసి చెబుతున్న మాట ఇది. యాప్ మోగినప్పుడు మనం ఆఫీసులో ఉంటాం, నొక్కి ఆపేస్తాం, అంతటితో సరి. క్యాలెండర్ ముందుకు రోజూ పోక తప్పదు.

డిసెంబరులో బంగారు అంగళ్లవాళ్లు ఊరికే ఇచ్చేవి ఈ పనికి రావు. దేవుడి పటం పెద్దది, గడులు చిన్నవి. తిథి, వర్జ్యం, రాహుకాలం పోను చుక్క పెట్టే జాగా మిగలదు. డబ్బు పెట్టి పెద్ద గడులది కొనండి. నున్నటి కాగితం మీద జెల్ పెన్ను అలుక్కుపోతుంది, మార్కర్ వెనక పేజీకి దిగుతుంది. మామూలు బాల్‌పెన్నుకు దారం కట్టి ఆ మేకుకే వేలాడదీయండి, లేకపోతే వారం తిరక్కుండా పిల్లల సంచిలోకి చేరుతుంది. పొయ్యి పక్క గోడ వద్దు. తాలింపు జిడ్డు పట్టిన కాగితం మీద ఇంకు పారదు.

తీర్మానాలు మూడు దాటకూడదు, ఒక్కోదానికి గడిలో ఒక మూల. నిండుగా చేస్తే చుక్క, తగ్గించి చేస్తే సున్న. అరగంట నడిస్తే చుక్క, పది నిమిషాలైతే సున్న. మార్చి నెలాఖరు లెక్కలు, పదో తరగతి పరీక్షలు ఒకేసారి మీద పడినప్పుడు నిలబెట్టేది ఆ సున్నే. ఒక గడి ఖాళీ పోతే పోనీ, వరుసగా రెండోది మాత్రం వదలొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు, నడిమిన 66 రోజులు పడుతుందని అంచనా వేశారు. ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదనీ చెప్పారు. 21 రోజుల్లో అలవాటు కుదురుతుందన్న మాట నమ్మినవాళ్లు సరిగ్గా అలవాటు కుదిరే ముందే ఆపేస్తారు.

నడకకు మా అనంతపురంలో ఉగాది ముహూర్తం వద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటితే ఎండ నిలవనీయదు. రాత్రి మిద్దెక్కుదామన్నా ఎనిమిదింటికీ బండలు కాలుతుంటాయి. జూన్‌లో బడులు తెరిచి, గాలులు మొదలయ్యాక పట్టండి. పాల ప్యాకెట్ లోపల పెట్టి, చెప్పులు విప్పకుండా అట్నుంచి అటే బయల్దేరాలి. కూర్చుని కాఫీ తాగామంటే ఆ పూట నడక పోయినట్టే.

ఉప్పు తగ్గించడానికి ఇంతకన్నా మంచి సాధనం దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. నలుగురికి 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ప్యాకెట్ కత్తిరించిన రోజు గడిలో ‘ఉ’ అని రాయండి, మళ్లీ ‘ఉ’ వచ్చేదాకా రోజులు లెక్కపెట్టండి. ఊరగాయలో ఉప్పు, బయట తిన్న ఉగ్గాణి బజ్జీలో ఉప్పు ఈ లెక్కలోకి రావు గనక 60 రోజులు దాటేలా చూసుకోవాలి. మొదటి నెల అందరూ కూర చప్పగా ఉందంటారు. చింతపండు, నిమ్మరసం కాస్త పెంచితే సర్దుకుంటుంది.

పొదుపుకు పోస్టాఫీసు ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్. నెల 15లోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపే కట్టాలి. తప్పితే వందకు నెలకు రూపాయి జరిమానా. కాబట్టి గుర్తు 15న కాదు, జీతం పడే రోజు గడిలో పెట్టండి.

పెళ్లిళ్లు, ఊళ్లో దేవర (గ్రామదేవత జాతర) ఉన్న రోజులకు నెల మొదట్లోనే అడ్డగీత గీసి ఉంచాలి. జరిగిపోయాక గీసే గీత సాకే అవుతుంది. నెలాఖరున ఒక్కో తీర్మానానికి చుక్కలు, సున్నలు కలిపి ఇరవై రాకపోతే ఆ తీర్మానం పెద్దదైందని అర్థం: అరగంటను ఇరవై నిమిషాలు చేయండి.

దీంతో నిజమైన చిక్కు ఇంట్లోవాళ్ల నోరు. ఖాళీ గడి అత్తగారికీ కనబడుతుంది, పిల్లలకూ కనబడుతుంది. రోజూ అడిగితే చేసేవాళ్లు మొండికేస్తారు, లేదా దొంగచుక్క పెడతారు. ఆదివారం తప్ప ఎవరూ అడగకూడదన్న ఒప్పందం ముందే చేసుకోండి. అప్పు తీర్చడం, తాగుడు మానడం లాంటివి వచ్చేపోయే వాళ్ల కళ్లముందు పెట్టేవి కావు, వాటికి జేబు డైరీ మేలు. బీడీ, సిగరెట్, గుట్కా మానాలనుకుంటే చుక్కలొక్కటే చాలవు. 1800-11-2356కు ఫోన్ చేస్తే ప్రభుత్వ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరును క్యాలెండర్ అట్ట వెనక రాసి ఉంచండి.