రోలాండ్ ఎస్‌పీడీ-20 ఆక్టాపాడ్: మనుషులు నిలవని ఆర్కెస్ట్రాకి

ఆక్టాపాడ్ అంటే పుల్లలతో కొడితే తబలా, డ్రమ్స్ లాంటి సౌండ్లు పలికే ఎలక్ట్రానిక్ ప్యాడ్ల మెషిన్. 1990ల చివర్లో వచ్చిన మెషిన్‌కి ఇప్పుడు రివ్యూ ఏంటి అంటారేమో. బెంగళూరులో ఏ వీధి గణేశ మండపం ముందు ఆర్కెస్ట్రా జరిగినా ఒకసారి స్టేజీ వైపు చూడండి, కీబోర్డు పక్కన స్టాండు మీద చాలాసార్లు ఇదే ఉంటుంది.

నేను కె.ఆర్.పురం వైపు చిన్న తెలుగు ఆర్కెస్ట్రా నడుపుతాను. కీబోర్డు నాది. మిగతా కుర్చీల్లో మనుషులు మారుతూనే ఉంటారు. మొదటి డ్రమ్మర్‌కి ఆన్‌సైట్ వచ్చింది. డోలక్ అన్న పిల్లల చదువని అనంతపురం వెళ్లిపోయాడు. తర్వాత దొరికిన కుర్రాడిది బంగారు చెయ్యి, కానీ నైట్ షిఫ్టు. ఇంకొకణ్ణి పెళ్లిళ్ల సీజన్‌లో ఎక్కువ డబ్బులిచ్చే బ్యాండు ఎగరేసుకుపోయింది. తప్పు పట్టను, నేనూ అతన్ని ఇంకొకరి దగ్గర్నుంచి లాక్కొచ్చినవాణ్ణే.

ఇందులో 8 ప్యాడ్లు, 700 సౌండ్లు, మనం సేవ్ చేసుకునే ప్యాచులు (ఏ ప్యాడుకి ఏ సౌండ్ అన్న అమరికలు) 99. ఒక్కో ప్యాడు మీద రెండు సౌండ్లు కలిపి పెట్టొచ్చు. ఎక్కువమంది పాటకో ప్యాచ్ కడతారు. అలా కడితే అది కట్టినవాడికి తప్ప ఎవరికీ అర్థం కాదు, వాడు వెళ్లిపోయిన రోజున మెషిన్ ఉన్నా లేనట్టే. మేం నడకని బట్టి కట్టాం. ప్యాచ్ నంబర్లు పదులలో తబలా మెలోడీలు, ఇరవైలలో డోలక్, ముప్పైలలో డప్పు, తీన్మార్. నలభైలు తమటెకి, అంటే కన్నడ డప్పుకి. నవంబర్‌లో రాజ్యోత్సవ ప్రోగ్రాములకి తెలుగు ఆర్కెస్ట్రా అయినా కన్నడ పాటలు వాయించకుండా స్టేజీ దిగలేం, దిగకూడదు కూడా. ఏ ప్యాచ్‌లోనైనా కింది వరస ఎడమ చివర బాస్ డ్రమ్, కుడి చివర స్నేర్ లేదా దాని పని చేసే దెబ్బ. ఈ చోట్లు మార్చే హక్కు ఎవరికీ లేదు, మంచి ప్లేయర్‌కి అసలే లేదు. కొత్తగా వచ్చినవాడికి ఒక సాయంత్రం రిహార్సల్ చాలు.

ఇంకో మాట. ఆక్టాపాడ్ బ్యాండుది అయ్యుండాలి, ప్లేయర్‌ది కాదు. సొంత ప్యాడ్ తెచ్చేవాణ్ణి పెట్టుకుంటే మొదట్లో ఖర్చు తగ్గుతుంది, అతను వెళ్లేటప్పుడు మీ ప్యాచులన్నీ వెంట వెళ్తాయి. మిడి (MIDI) కేబుల్ పెట్టి బల్క్ డంప్, అంటే ప్యాచులన్నిటి కాపీ, తీసి ల్యాప్‌టాప్‌లో దాచుకోండి.

సౌండ్ సంగతి. తబలా, కాంగో, సినిమా పాటల ఫిల్లులు హాయిగా వస్తాయి. డప్పు మాత్రం కష్టం. పిచ్ దించి, రెండు సౌండ్లు కలిపితే దగ్గరికొస్తుంది. మంట దగ్గర కాచి బిగించిన తోలు పలికే పలుకు మాత్రం రాదు. తబలా జతలో ఎడమ చేతి బాయా మీద మణికట్టు అదిమి లాగే గమకం పుల్లలతో ఎలా వస్తుంది? మన సొంత రికార్డింగులు ఇందులోకి ఎక్కించలేం. అది కావాలంటే రోలాండ్‌దే 9 ప్యాడ్ల ఎస్‌పీడీ-ఎస్ఎక్స్ వైపు వెళ్లాలి. సింబల్స్ (డ్రమ్స్‌తో కొట్టే లోహపు పళ్లేలు) విషయంలో రోలాండ్‌దే తర్వాతి ఆక్టాపాడ్ ఎస్‌పీడీ-30 నా చెవికి మెరుగు.

స్టేజీ మీద రెండు జాగ్రత్తలు. స్టాండు సబ్‌ఊఫర్ పక్కన పెట్టొద్దు. ఆ అదురుకి కొట్టకుండానే ప్యాడ్లు మోగుతాయి, పెట్టక తప్పకపోతే థ్రెషోల్డ్ (ఎంత దెబ్బ పడితే ప్యాడు మోగాలన్న సెట్టింగు) పెంచండి. రెండోది అడాప్టర్. 9 వోల్టులు, పిన్ను మధ్యలో మైనస్. బయట దొరికే మామూలు అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యలో ప్లస్ ఉంటుంది. "అన్నీ ఒకటే సార్" అని ఒక షాపాయన అంటగట్టినదానితో మా మెషిన్ అసలు వెలగలేదు.

అపార్ట్‌మెంట్ ఉగాది ప్రోగ్రాములకి దీన్ని మించింది లేదు. రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ ఆపాలన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమం. పది కాకముందే మూడో అంతస్తు పెద్దాయన కిందికి దిగొస్తాడు. డ్రమ్స్ అయితే ఆయనకి ఏం చెప్పగలం? దీనికైతే నాబ్ తిప్పితే సరి.

మీకు వదిలిపోని డ్రమ్మర్ ఉంటే ఇది కొనొద్దు, ఆ డబ్బు పెట్టి అతనికి మంచి కిట్టు కొనివ్వండి. నాలాగా మనుషులు మారేవాళ్లకి మాత్రం ఇదే నయం. కారణం సౌండు కాదు. ఈ ఊళ్లో ఆర్కెస్ట్రాలకి తిరిగే ప్లేయర్లలో చాలామంది చెయ్యి దీనిమీదే పడింది. మధ్యాహ్నం ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చి కూర్చునేవాడు దొరుకుతాడు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ప్రతి ప్యాడునీ నాలుగు మూలలా మెల్లగా కొట్టి చూడండి, గట్టిగా కొడితే అన్నీ మోగుతాయి. అవుట్‌పుట్ జాకులు రెండూ కేబుల్ కదిపి వినండి. అమ్మేవాడు ముఖం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి.