లిఫ్ట్ లేని పికప్‌కు 265/70 ఆర్17 కేఓ2: ఎంత పడుతుంది, ఎక్కడ తగులుతుంది

బండి ఎత్తు లేపకుండా పికప్‌కు ఎంత పెద్ద టైరు వేయవచ్చు? టొయోటా హైలక్స్, ఫోర్డ్ రేంజర్ తరహా మధ్యశ్రేణి పికప్‌లలో చాలా మోడళ్లకు కంపెనీ ఇచ్చే సైజు 265/65 ఆర్17 (వెడల్పు 265 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు). అవే రిమ్ముల మీద 265/70 ఆర్17 ఎక్కిస్తే చాలా బండ్లకు చిన్నచిన్న సర్దుబాట్లతోనే పని అయిపోతుంది. దానికి మించితే హీట్ గన్, కటింగ్ బ్లేడు, ఒక్కోసారి సుత్తి కూడా చేతికి తీసుకోవాలి. ఈ సైజులో బీఎఫ్ గుడ్‌రిచ్ ఆల్-టెరైన్ కేఓ2ను ఎల్‌టీ (లైట్ ట్రక్) రకంలో, లోడ్ రేంజ్ 'E'లో, అంటే ఎక్కువ బరువు మోసే తరగతిలో తీసుకుని చూద్దాం. 2014లో వచ్చిన టైరు ఇది. 2024లో కేఓ3 వచ్చింది కానీ, సైజు గురించి కింద రాసినదంతా దానికీ వర్తిస్తుంది.

ముందు లెక్క. 265/65 ఆర్17 టైరు వ్యాసం 776 మి.మీ. 265/70 ఆర్17కు 803 మి.మీ. తేడా 27 మి.మీ. కాబట్టి డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మధ్య గేర్లుండే ఉబ్బెత్తు భాగం) కింద అదనంగా వచ్చే ఖాళీ అందులో సగమే, 13 మి.మీ. పైన వీల్ ఆర్చ్ వైపు పోయే ఖాళీ కూడా అంతే. వెడల్పు మారదు, అందుకే లోపలి వైపు సస్పెన్షన్ ఆర్మ్‌తో పేచీ రాదు. 285/70 ఆర్17 సంగతి వేరు. వ్యాసం 831 మి.మీ., అంటే చుట్టూ 27 మి.మీ. పెరుగుదల. పైగా వెడల్పు లోపలికి 10, బయటికి 10 మి.మీ. పెరుగుతుంది. ఫొటోల్లో లిఫ్ట్ లేని బండికి 285 చక్కగా పట్టినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఫొటో తీసేటప్పుడు స్టీరింగ్ నేరుగా ఉంటుంది, బండి ఖాళీగా ఉంటుంది. మధ్యస్థంగా 255/75 ఆర్17 ఒకటుంది: 814 మి.మీ. ఎత్తు, వెడల్పు మాత్రం కంపెనీ టైరు కంటే తక్కువ. లిఫ్ట్ లేకుండా ఇంకొంచెం ఎత్తు కావాలంటే 285 వైపు చూడటం కన్నా ఇది తెలివైన ఎంపిక.

ఇక టైరు విషయం. కొత్తదానికి ట్రెడ్ లోతు సుమారు 12 మి.మీ. పక్కగోడ మూడు పొరల నిర్మాణం. రాళ్ల దారిలో పక్కగోడ చీలకుండా కాపాడటంలో దీనికి ఉన్న పేరు న్యాయంగా వచ్చిందే. భుజాల దగ్గర రంపంలా కోసిన బ్లాకులు బురద గాడిలోంచి పైకి ఎక్కేటప్పుడు పట్టునిస్తాయి. మెత్తటి బురదలో మాత్రం ఇది మడ్-టెరైన్ టైరు కాదని గుర్తుంచుకోవాలి, గాళ్లు పూడుకుపోతాయి. తారు రోడ్డు మీద చప్పుడు భరించదగినంతే. తడి రోడ్డు మీద కంపెనీ హైవే టైరు అలవాటైన కాలు బ్రేకును కొంచెం ముందే తొక్కాలి.

దీని అసలు బలహీనత గట్టిదనం. ఈ సైజులో లోడ్ రేంజ్ 'E' అంటే లోడ్ ఇండెక్స్ 121, ఒక్కో టైరు 80 పీఎస్ఐ దగ్గర 1450 కిలోలు మోయగలదు. కంపెనీ టైరు ఇండెక్స్ సాధారణంగా 112, అంటే 1120 కిలోలు. అంత సామర్థ్యం ఖాళీగా తిరిగే బండికి అక్కర్లేదు. బరువు ఒక్కో టైరుకు 20 కిలోలు దాటుతుంది. ఆ బరువు స్ప్రింగు కింద, తిరిగే భాగంలో చేరుతుంది కాబట్టి గతుకుల్లో వెనక భాగం ఎగిరిపడటం, బండి ఎత్తుకోవడానికి తడబడటం తెలిసిపోతాయి. కార్గో బెడ్‌లో రోజూ సామాను, వారాంతాల్లో రాళ్ల దారులు ఉన్నవాళ్లు ఎల్‌టీ తీసుకోవచ్చు. ఇల్లు, ఆఫీసు, అప్పుడప్పుడూ మట్టి రోడ్డు అయితే, ఇదే 265/70 ఆర్17 సైజులో ఇండెక్స్ 115 ఉన్న మామూలు లోడ్ టైరు కొనండి. 1215 కిలోలు మోస్తుంది, కంపెనీ టైరు కంటే ఎక్కువే, ప్రయాణం మెత్తగా ఉంటుంది. పెద్ద అంకె చూసి 'E' రేంజి కొనేవాళ్లు ఎక్కువ. వాళ్లలో చాలామందికి అది నిజంగా అవసరం లేదు.

చాలామంది తప్పుచేసేది గాలి దగ్గరే. డోర్ దగ్గర అతికించిన స్టిక్కరు కంపెనీ టైరుకు రాసినది. ఎల్‌టీ టైరు అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి అడుగుతుంది. మామూలు టైరు తన 1120 కిలోల పూర్తి సామర్థ్యాన్ని 36 పీఎస్ఐ దరిదాపుల్లో చేరుకుంటుంది. ఎల్‌టీ 265/70 ఆర్17కు అదే 1120 కిలోలు కావాలంటే 50 పీఎస్ఐ పట్టాలి. కాబట్టి నిండా లోడు వేసి, స్టిక్కరు చూసి 33 నింపి బయల్దేరితే, టైరు చూడటానికి గట్టిగానే కనిపిస్తుంది కానీ లోపల పక్కగోడ వేడెక్కిపోతూ ఉంటుంది. ఖాళీ బండికి 35 నుంచి 40 మధ్య మొదలుపెట్టండి. లోడు వేసినప్పుడు వెనక ఇరుసు బరువు తూయించి, సగం చేసి, టైరు కంపెనీ లోడ్ పట్టికలో ఆ బరువుకు ఎదురుగా ఉన్న అంకె చూసుకోండి. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దగీత గీసి కొంతదూరం నడిపి చూసే పరీక్ష ఉంది. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగితే తక్కువ. అది అరుగుదల సమానంగా ఉంటుందా అని చెబుతుంది. బరువు మోయడానికి గాలి చాలుతుందా అన్నది చెప్పదు. 'E' రేంజి టైరు గట్టితనం వల్ల తక్కువ గాలిలో కూడా గీత సమానంగా చెరగవచ్చు.

బిగించేముందు రిమ్ములు మార్చాలన్న ఆలోచన ఉంటే కాసేపు ఆగండి. కంపెనీ రిమ్ము 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యరేఖ నుంచి హబ్‌కు బిగించే ముఖం ఉన్న దూరం) 30 మి.మీ. అనుకుందాం. అందం కోసం అదే వెడల్పులో సున్నా ఆఫ్‌సెట్ రిమ్ము వేస్తే చక్రం 30 మి.మీ. బయటికి జరుగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది కదా, ఆ ఇరుసుకు దూరమైనకొద్దీ టైరు బయటి అంచు గీసే వలయం పెద్దదవుతుంది. అప్పుడు 265/70 కూడా బంపర్ మూలకు, వీల్ ఆర్చ్ వెనక అంచుకు తగులుతుంది. "ఈ సైజు నా బండికి పట్టలేదు" అనేవాళ్ల బండి చూస్తే చాలాసార్లు నేరం టైరుది కాదు, రిమ్ముది. హబ్‌కు, రిమ్ముకు మధ్య పెట్టే బిళ్లలు, అంటే స్పేసర్లు పెట్టినా ఇదే ఫలితం.

తగిలే చోటు వెతకడానికి మంచి పద్ధతి పిల్లలు ఆడుకునే మైనపు మట్టి. ముందు చక్రం వెనకవైపు లైనర్ (వీల్ ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ తొడుగు) మీద మూడు చోట్ల, బంపర్ లోపలి మూలలో రెండు చోట్ల బొటనవేలంత ముద్దలు అంటించండి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి మెల్లగా ముందుకు, తర్వాత వెనక్కి నడపండి. వెనక్కి నడిపేటప్పుడే ముందుగా తగిలే బండ్లు ఎక్కువ, అందుకే రివర్స్ మరిచిపోవద్దు. తర్వాత ఒక ముందు చక్రాన్ని 15–20 సెం.మీ. దిమ్మ మీదికి ఎక్కించి మళ్లీ రెండు వైపులా తిప్పండి. ముద్ద ఎంత నలిగిందో, మిగిలిన మందం ఎంతో చూస్తే అక్కడున్న ఖాళీ తెలిసిపోతుంది. 10 మి.మీ. కంటే తక్కువ మిగిలినచోట పని చేయాలి. టైరు వేగంలో కొద్దిగా ఉబ్బుతుంది, బ్రేకు వేసినప్పుడు సస్పెన్షన్ బుష్‌లు నలిగి చక్రం వెనక్కి జరుగుతుంది, బురద అంటుకుంటుంది. ఆ 10 మి.మీ. వీటన్నిటి కోసం.

265/70కు సాధారణంగా తగిలేవి మడ్ ఫ్లాపులు, వాటి వెనకున్న ప్లాస్టిక్ లైనర్. ఫ్లాపు విప్పేయడం, లేదా పట్టీ రంధ్రాలు మార్చి 10–15 మి.మీ. వెనక్కి జరపడం చాలు. లైనర్ అయితే క్లిప్పులు ఊడదీసి, హీట్ గన్‌ను ఒకేచోట పెట్టకుండా తిప్పుతూ ప్లాస్టిక్ మెత్తబడేదాకా వేడిచేసి, చెక్క దిమ్మతో వెనక్కి నొక్కి, తడిగుడ్డతో చల్లారేదాకా పట్టుకోవాలి. వేడి తగ్గకముందే వదిలేస్తే మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది. దాన్ని పట్టి ఉంచడానికి స్క్రూలు వేసేవాళ్లు తల టైరు వైపు, మొన లోపలి వైపు ఉండేలా చూడాలి. తిరగేస్తే ఎప్పుడో ఒకప్పుడు పక్కగోడ చీరుకుంటుంది. లైనర్ వెనక వైర్లు, గొట్టాలు ఉన్నాయేమో వేడి పెట్టేముందే చూసుకోండి.

285 వేసేవాళ్లకు లైనర్ వెనకున్న రేకు అతుకు అంచు, క్యాబిన్‌ను చాసిస్‌కు బిగించే మౌంటు బ్రాకెట్ తగులుతాయి. అతుకు అంచును సుత్తితో మడిచి, పైన జింక్ ప్రైమరు, రంగు వేయవచ్చు. బ్రాకెట్ కోయడం మాత్రం వేరే సంగతి. అది క్యాబిన్ బరువు మోసే భాగం. మూల కోసి మళ్లీ రేకు వెల్డింగ్ చేయాలి, పనివాడికి అనుభవం ఉండాలి. టైరు కోసం అక్కడిదాకా వెళ్లడం నాకు సమ్మతం కాదు. అంత టైరు కావాలనుకుంటే లిఫ్ట్ గురించే ఆలోచించాలి. నిజానికి మామూలు లిఫ్ట్ కూడా ఈ మౌంటు సమస్యను పూర్తిగా తీర్చదు, ఎందుకంటే అది చక్రాన్ని కిందికి దించుతుందే తప్ప ముందుకు జరపదు.

ముందుకు జరిపేది అలైన్‌మెంట్. కింది ఆర్మ్ కామ్ బోల్టులతో పాజిటివ్ కాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు పైభాగం వెనక్కి వాలే కోణం) పెంచితే కింది బాల్ జాయింట్ ముందుకు వస్తుంది, దాంతో చక్రం వెనక అంచుకు కొన్ని మిల్లీమీటర్ల దూరమవుతుంది. నేరుగా పోవడంలో బండి స్థిరంగా ఉండటం దీనివల్ల వచ్చే లాభం, స్టీరింగ్ కాస్త బరువెక్కడం నష్టం. బంపర్ వైపు ఖాళీ తగ్గుతుంది, అందుకే మైనపు ముద్దల పరీక్ష అలైన్‌మెంట్ తర్వాత మళ్లీ చేయాలి. షాపులో "కంపెనీ పరిమితిలోనే, కాస్టర్ ఎక్కువ వైపు, ఎడమ కుడి సమానంగా" అని విడమరచి చెప్పండి. చెప్పకపోతే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం సరిచేసి పంపించేస్తారు.

స్పీడోమీటరు, మైలేజీ. కొత్త చుట్టుకొలత 3.4 శాతం ఎక్కువ. మీటరు 100 చూపినప్పుడు పాత టైరుతో నిజంగా 100 పోయే బండి ఇప్పుడు 103.4 పోతుంది. ఐక్యరాజ్యసమితి నిబంధన 39 ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు కాబట్టి తయారీదారులు మీటరును కాస్త ఎక్కువ చూపేలా ఉంచుతారు. ఆ తేడా ఎంతో మీ బండికి పాత టైర్లు ఉండగానే జీపీఎస్‌తో కొలిచి రాసిపెట్టుకోండి. ఓడోమీటరు తక్కువ లెక్కపెట్టడం వల్ల మైలేజీ ఉన్నదానికంటే ఘోరంగా కనిపిస్తుంది. ట్రిప్ 500 కి.మీ. చూపితే నిజంగా తిరిగింది 517. యాభై లీటర్లకు 10 కాదు, 10.3. ఈ సవరణ చేశాక కూడా మైలేజీ తగ్గడం ఖాయం, కారణం బరువు, గరుకు ట్రెడ్. గేరింగ్ కూడా పొడవవుతుంది: 3.9 ఫైనల్ డ్రైవ్ (ఇరుసు దగ్గరి చివరి గేరు నిష్పత్తి) 3.77లా పనిచేస్తుంది. డీజిల్ ఇంజనుకు ఇది పెద్దగా తెలియదు. 285తో అది 3.64 అవుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు కింద నడపాల్సి వస్తుంది.

వెనక చక్రాలకు సాధారణంగా చోటు పుష్కలం. అయినా లోడుతో కమాన్ కట్టలు నొక్కుకున్నప్పుడు ఆర్చ్ లోపల ఎంత మిగులుతుందో ఒకసారి చూడండి. మంచు గొలుసులు వాడేవాళ్లకు ఈ 13 మి.మీ. కీలకం, గొలుసుకు చోటు మిగలకపోవచ్చు. బిగించాక నట్లను హ్యాండ్‌బుక్‌లో ఉన్న టార్క్‌కు బిగించి, 80–100 కి.మీ. తర్వాత మళ్లీ చూడాలి. సైజు మార్పుపై మీ దగ్గరి రవాణా నిబంధన, బీమా షరతు ఏం చెబుతాయో కొనేముందే కనుక్కోండి.

స్టెప్నీ కూడా అదే సైజు కొనాల్సిందే, అయిదు టైర్లూ కలిపి బడ్జెట్ వేసుకోండి. బెడ్ కింద గొలుసుతో పైకి లాగినప్పుడు సైలెన్సర్ గొట్టానికి, వెనక బంపర్‌కు తగలకుండా కూర్చుంటుందో లేదో కొన్న రోజే చూడాలి. పూర్తిగా పైకి రాకుండా వేలాడే స్టెప్నీ గతుకుల్లో గొలుసును తెంపేస్తుంది. పాత 265/65 స్టెప్నీతోనే సర్దుకోవాల్సి వస్తే, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం మాత్రమే జారి తిరగకుండా అడ్డుకునే రకం) ఉన్న వెనక ఇరుసుకు అది వేయకండి. రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి లోపలి క్లచ్ పలకలు ఆగకుండా రాసుకుంటాయి. ముందు నుంచి ఒక పెద్ద టైరు వెనక్కి మార్చి, చిన్నదాన్ని ముందు వేసి, ఫోర్ వీల్ డ్రైవ్ వేయకుండా నిదానంగా పంక్చర్ షాపుదాకా వెళ్లండి.