ఫైళ్ల స్కాన్ మధ్యలో ఆగిపోతే: అలారమా, థ్రెడ్డా, విడి ప్రాసెసా?

కర్నూలు డీటీపీ షాపుల వాళ్లూ, అనంతపురం ఇంజినీరింగ్ విద్యార్థులూ పదేపదే అడిగేది ఇదే: అడంగల్, పాస్‌బుక్ పీడీఎఫ్‌లను వరుసగా చదివే పైథాన్ స్క్రిప్టు ఏదో ఒక ఫైలు దగ్గర బిగుసుకుపోతోంది, టైమవుట్ ఎలా పెట్టాలి?

పెట్టడం తేలికే. గడువు దాటాక ఇరుక్కున్న పని నిజంగా చస్తుందా? తేల్చుకోవాల్సింది అది.

ఒకే ప్రోగ్రాం లోపల పనులు పంచుకునే థ్రెడ్ పూల్‌లో చావదు. గడువుకు ఎక్సెప్షన్ వస్తుంది, థ్రెడ్ మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. పూల్‌లో నాలుగు వర్కర్ థ్రెడ్లుంటే నాలుగు పాడు ఫైళ్లకే పూల్ నిండిపోతుంది. పైగా 'విత్' బ్లాకులో రాస్తే, బయటికొచ్చేటప్పుడు మళ్లీ ఆ థ్రెడ్ల కోసమే కాచుక్కూర్చుంటుంది.

సిగ్నల్ అలారం (గడువుకు ప్రోగ్రాంను తట్టిలేపే సిగ్నల్) లినక్స్, మ్యాక్ లాంటి యూనిక్స్ సిస్టమ్‌లలో, అదీ మెయిన్ థ్రెడ్‌లోనే పనిచేస్తుంది. సీ లైబ్రరీ లోపల పని చిక్కుకుంటే అది తిరిగొచ్చేదాకా సిగ్నల్‌ను అందుకునే మన ఫంక్షన్ (హ్యాండ్లర్) నడవదు. చిన్న స్క్రిప్టుకు సరే.

నా ఓటు ఫైలుకో విడి ప్రాసెస్‌కే. షెల్‌లో 'టైమవుట్ -కె 5 60' అని, పీడీఎఫ్‌లోంచి అక్షరాలు తీసే పీడీఎఫ్‌టుటెక్స్ట్ కమాండ్ ముందు పెట్టండి. 60 సెకన్లకు సిగ్‌టర్మ్ (ఆగమనే సిగ్నల్) పోతుంది, వినకపోతే ఇంకో 5 సెకన్లకు సిగ్‌కిల్ (బలవంతంగా చంపేది). ఎగ్జిట్ కోడ్ 124 అంటే గడువు దాటింది. 137 అంటే సిగ్‌కిల్ పడింది. మెమరీ చాలక కెర్నెల్ చంపినా ఇదే కోడ్, పొరబడొద్దు.

ఆ '-కె' వదిలేయకండి. మే నెలలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయి నాస్ (ఫైళ్లు దాచే నెట్‌వర్క్ డబ్బా) ఆగిందనుకోండి: ఎన్‌ఎఫ్‌ఎస్ హార్డ్ మౌంట్‌లో, అంటే సర్వర్ తిరిగొచ్చేదాకా కాచుక్కూర్చునే నెట్‌వర్క్ ఫోల్డర్‌లో, ఇరుక్కున్న ప్రాసెస్ సిగ్‌టర్మ్‌కు కదలకపోవచ్చు, సిగ్‌కిల్‌కు పోతుంది. చెడిపోతున్న హార్డ్ డిస్కయితే సిగ్‌కిల్ కూడా వెంటనే పనిచేయదు, డ్రైవర్ చేతులెత్తేసేదాకా ఆగాలి.

పైథాన్ నుంచే నడపాలంటే సబ్‌ప్రాసెస్ రన్‌కు టైమవుట్ ఇవ్వండి, షెల్ ఈక్వల్ టు ట్రూ పెట్టకుండా. పెడితే చచ్చేది షెల్ ఒక్కటే. దాని పిల్ల ప్రాసెస్ అవుట్‌పుట్ పైపు పట్టుకుని ఉంటుంది, స్క్రిప్టు మళ్లీ ఆగుతుంది.

వైరస్‌లు వెతికే క్లామ్‌స్కాన్‌కు ఈ పద్ధతి వద్దు, ప్రతి ఫైలుకూ వైరస్ సిగ్నేచర్లన్నీ మళ్లీ లోడ్ చేస్తుంది. వాటిని ముందే లోడ్ చేసి ఉంచే సర్వీసుతో పనిచేసే క్లామ్‌డీస్కాన్ వాడండి. నేమ్డ్ పైపుల (ఫైళ్లలా కనిపించే, అవతలివైపు ఎవరూ రాయకపోతే చదివేవాణ్ని ఆపేసే పైపుల) దగ్గర ఆగితే టైమవుట్ దేనికి, మామూలు ఫైళ్లే ఏరేలా ఫైండ్ కమాండ్‌కు '-టైప్ ఎఫ్' చాలు.

60 అన్నది వేదవాక్కు కాదు. మంచి ఫైళ్లలో అన్నిటికన్నా నిదానమైనదానికి పట్టే సమయానికి మూడింతలు పెట్టుకోండి. 124 వచ్చిన పేర్లు విడి లాగ్‌లో రాసి, రాత్రికి పెద్ద గడువుతో ఇంకోసారి నడపండి. వాటిని 'అయిపోయినవి' జాబితాలో కలపొద్దు.